పాత ట్రాక్టర్ ఇంజన్‌లో కంప్రెషన్ పడిపోతే: ఏ పరీక్ష చేయాలి, ఏ రిపేరు ఎంచుకోవాలి

పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. ఎలాగో స్టార్ట్ అయితే తెల్లపొగ కక్కుతూ, ఒక సిలిండర్ పనిచేయనట్టు కాసేపు కుంటుతుంది. వేడెక్కాక కొంత సర్దుకుంటుంది కానీ, బరువు పడితే మునుపటి లాగుడు ఉండదు. ఈ లక్షణాలు చెప్పగానే చాలామంది ఒకటే తీర్పు ఇచ్చేస్తారు: "ఇంజన్ బోరుకొచ్చింది, దించాల్సిందే." సిలిండర్ లోపలి గోడ, అంటే బోరు, అరిగిపోయిందని వాళ్ల ఉద్దేశం. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఇంజన్ దించాక, పిస్టన్లు బయటికి తీశాక, అసలు లోపం ఒక వాల్వ్‌దో హెడ్ గాస్కెట్‌దో అని తేలితే, అనవసరంగా విప్పిన ప్రతి నట్టూ కొత్త తలనొప్పి కిందే లెక్క. పాత ఇంజన్లలో బోల్టులు విరుగుతాయి, స్టడ్లు దారాలతో సహా ఊడివస్తాయి, వాటికి సామాన్లు దొరకడం కష్టం. అందుకే ఏ రిపేరు చేయించాలన్న ప్రశ్న కంటే ముందు, గాలి ఎటు పోతోందో కనుక్కోవాలి.

పిస్టన్ సిలిండర్‌లో గాలిని నొక్కడమే కంప్రెషన్. అలా నొక్కిన గాలి తప్పించుకోవడానికి దారులు తక్కువే. ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర, ఇన్‌టేక్ వాల్వ్ దగ్గర, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి కిందికి, లేదా హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ గుండా పక్క సిలిండర్‌లోకో నీళ్లలోకో బయటికో. హెడ్ పగిలితే ఆ పగులు కూడా గాస్కెట్ లాగే ప్రవర్తిస్తుంది. ఇవి కాక, గాలి ఎక్కడా కారకుండానే కంప్రెషన్ తగ్గే సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. వాటిని చాలామంది మర్చిపోతారు కాబట్టి వాటి సంగతి విడిగా చెబుతాను. పరీక్షల్లో కొన్ని కంప్రెషన్ ఎంత తగ్గిందో చెబుతాయి, కొన్ని ఎక్కడ పోతోందో చెబుతాయి. ఈ రెండూ వేర్వేరు సమాచారాలు. ఒకదాని కోసం ఇంకోదాన్ని నమ్ముకుంటేనే పొరపాటు తీర్పులు వస్తాయి.

గేజ్ పట్టుకునే ముందు

డీజిల్ తనంతట తాను అంటుకోవాలంటే దానికి 200 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. స్పార్క్ ప్లగ్గు లేని ఇంజన్‌లో ఆ వేడి నొక్కుడు వల్లే పుడుతుంది. ఆ నొక్కుడు ఎంత వేగంగా జరిగితే అంత మంచిది. నెమ్మదిగా తిరిగితే గాలి కారడానికీ, వేడి చల్లటి గోడల్లోకి పోవడానికీ టైమ్ దొరుకుతుంది. కాబట్టి బ్యాటరీ నీరసంగా ఉన్నా, ఎర్త్ కేబుల్ తుప్పు పట్టినా, స్టార్టర్ మోటార్ బుష్‌లు అరిగినా, ఇంజన్ లోపల ఏ లోపం లేకపోయినా కంప్రెషన్ పోయినట్టే అనిపిస్తుంది. ముందు కేబుళ్లు శుభ్రం చేసి, నిండు చార్జ్ ఉన్న బ్యాటరీ పెట్టి చూడండి.

తెల్లపొగ విషయంలో కూడా తొందరపడకూడదు. మండని డీజిల్ ఆవిరే ఆ తెల్లపొగ. కంప్రెషన్ చాలకపోయినా వస్తుంది, సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిల్ సన్నగా చల్లకుండా ధారగా కార్చినా వస్తుంది, పంపు టైమింగ్ వెనక్కి జరిగి డీజిల్ ఆలస్యంగా పడినా వస్తుంది. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. నల్లపొగకు మాత్రం ఎక్కువసార్లు గాలి అందకపోవడమో, ఇంధనం ఎక్కువ పడటమో కారణం. పొగ రంగు ఒక్కటే చూసి ఇంజన్ విప్పడానికి నేను ఒప్పుకోను.

ఇక టాపెట్లు. వాల్వ్ కాడకూ, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కూ మధ్య వదిలే సన్నటి సందే టాపెట్ సందు. వాల్వ్ సీటు అరిగేకొద్దీ వాల్వ్ హెడ్‌లోకి లోతుగా దిగుతుంది, దాని కాడ రాకర్ వైపు పైకి లేస్తుంది, టాపెట్ సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వ్ మూసుకోవాల్సినప్పుడు కూడా వెంట్రుకవాసి తెరిచే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగానే ఉండి, వేడెక్కాక కంప్రెషన్ తగ్గిపోయే ఇంజన్‌లో మొదటి అనుమానం దీనిమీదే పెట్టుకోవాలి. పాత ట్రాక్టర్ ఇంజన్లలో ఈ సందు సాధారణంగా 0.25 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంటుంది. మీ ఇంజన్‌కు ఎంత ఉండాలో, అది చల్లగా ఉన్నప్పుడు కొలవాలో వేడిగా ఉన్నప్పుడు కొలవాలో మాన్యువల్‌లో చూసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) సరిచేయండి. రాకర్ కవర్ విప్పి చేసే ఈ చిన్న పనితో ఇంజన్ దించాల్సిన పని తప్పిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఎలాగూ కవర్ తీశారు కాబట్టి ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పుతూ ప్రతి వాల్వ్ ఒకే ఎత్తు లేస్తోందా అని కూడా చూసుకోండి. ఆ గమనిక తర్వాత పనికొస్తుంది.

చెవితో, చేత్తో చేసే పరీక్షలు

స్టార్టర్ తిప్పుతూ ఇంజన్ స్టార్ట్ కాకుండా స్టాప్ లివర్ లాగి పట్టుకుని వినండి. అన్ని సిలిండర్లూ సమానంగా ఉంటే మోటార్ ప్రతిసారీ ఒకేలా మూలుగుతుంది. ఒకటి బలహీనమైతే అక్కడ మోటార్ ఒక్కసారిగా తేలికై, పరుగందుకున్నట్టు వినిపిస్తుంది. హ్యాండిల్ వేసి తిప్పే పాత పెట్రోలు ఇంజన్లలో అదే సంగతి చేతికే తెలుస్తుంది.

నడుస్తున్న డీజిల్ ఇంజన్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ ఆపితే ఇంజన్ మోతలో తేడా రాదో కనుక్కోవడం పాత పద్ధతి. సోమరి సిలిండర్ ఏదో ఇది ఖచ్చితంగా పట్టిస్తుంది. కానీ అది నాజిల్ వల్ల సోమరి అయిందా, కంప్రెషన్ వల్లా అన్నది చెప్పదు. అది తేల్చాలంటే ఆ నాజిల్ తీసి పక్క సిలిండర్‌కు వేసి, రోగం నాజిల్‌తో పాటు వెళ్లిందో లేదో చూడాలి. ఒక జాగ్రత్త: ఈ పైపుల్లో ఒత్తిడి వంద బార్ దాటి ఉంటుంది. సన్నగా చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోగలదు. అలా దూరితే పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. నట్టు మీద మందపాటి గుడ్డ కప్పాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, కారేచోట చెయ్యి పెట్టకూడదు.

ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ గుప్పుగుప్పున కొడుతోందా? దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. రింగుల పక్క నుంచి గాలి కిందికి దిగుతోందని దాని అర్థం. కొంచెం పొగ ఏ పాత ఇంజన్‌లోనైనా ఉంటుంది. బరువు లాగుతున్నప్పుడు, ఇంజన్ కింది భాగంలోని గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం నుంచి ఆయిల్ తుంపరలతో సహా ఆగకుండా వస్తే మాత్రం అనుమానం గట్టిదే. ఏ సిలిండర్ అన్నది తెలియాలంటే నాజిల్ పైపు వదులు చేసే పరీక్ష చేస్తూనే బ్రీదర్ వైపు చూడాలి. చెడిన సిలిండర్‌ను ఆపగానే గుప్పులు తగ్గుతాయి.

కంప్రెషన్ గేజ్: ఎంత పోయిందో చెప్పేది

పెట్రోలు ఇంజన్ గేజ్ 300 పిఎస్‌ఐ వరకే చూపిస్తుంది. దాన్ని డీజిల్ ఇంజన్‌కు తగిలిస్తే గేజ్ పాడవడమే కాదు, మనిషికి దెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంది. డీజిల్‌కు 1000 పిఎస్‌ఐ, అంటే దాదాపు 70 బార్ వరకు చూపే గేజ్, మీ నాజిల్ ఆకారానికి సరిపోయే అడాప్టర్ కావాలి. అడాప్టర్ కింద కొత్త రాగి వాషర్ వేయాలి. అక్కడ కొంచెం లీకైనా ఇంజన్‌ది కాని లోపం ఇంజన్ మీద పడుతుంది.

పద్ధతి ఇది. ఇంజన్‌ను వేడిచేయండి, స్టార్ట్ కాకపోతే చల్లగానే చేయండి, కానీ అన్ని సిలిండర్లూ ఒకే స్థితిలో కొలవండి. నాజిళ్లన్నీ తీసేయండి, ఇంధనం ఆపేయండి. పెట్రోలు ఇంజన్ అయితే ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పెట్టండి. ఒక్కో సిలిండర్‌కు ముల్లు ఆరేడుసార్లు లేచేవరకు తిప్పండి. చివరి అంకె ఒక్కటే రాసుకోవద్దు, మొదటి నొక్కుడుకు ముల్లు ఎంతవరకు లేచిందో కూడా రాసుకోండి. మొదట తక్కువగా ఉండి ఒక్కో నొక్కుడుకూ మెల్లగా పెరుగుతూ పోతే రింగుల వైపు సూచన. మొదటే తక్కువగా ఉండి ఎంత తిప్పినా అక్కడక్కడే ఉంటే వాల్వ్ లేదా గాస్కెట్ వైపు సూచన. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. అయినా ఉచితంగా దొరికే ఆధారాన్ని వదులుకోవడం ఎందుకు?

అంకెల విషయానికొస్తే, పాత ట్రాక్టర్ డీజిల్ ఇంజన్లు బాగున్నప్పుడు సుమారు 350 నుంచి 450 పిఎస్‌ఐ వరకు చూపిస్తాయి. తక్కువ నిష్పత్తి ఉన్న పాత పెట్రోలు, కిరోసిన్ ఇంజన్లకు 90 నుంచి 120 వస్తే చాలు. వాటిలో 100 చూసి, కారు ఇంజన్ అంకెలతో పోల్చి భయపడాల్సిన పనిలేదు. ఎత్తైన ప్రదేశాల్లో ప్రతి 300 మీటర్లకు దాదాపు 3 శాతం తగ్గుతుంది. నా దృష్టిలో అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాయే ముఖ్యం. 10 శాతం లోపు తేడా అయితే ఒప్పుకోవచ్చు. మూడు సిలిండర్లూ 320 చూపించే ఇంజన్ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా నడుస్తుంది. రెండు 400, ఒకటి 260 చూపించే ఇంజన్ ప్రతి పొద్దునా సతాయిస్తుంది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్యనున్న గాస్కెట్ గోడ కాలిపోయిందని ముందుగా అనుమానించాలి.

పాత ఇంజన్‌లో నాజిళ్లు హెడ్‌లో బిగుసుకుపోయి ఉండొచ్చు. బలవంతంగా మెలితిప్పితే హెడ్‌కే నష్టం. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి, కంగారు పడొద్దు.

ఆయిల్ పోసి చూసే పరీక్ష: పెట్రోలుకు మంచిది, డీజిల్‌కు నమ్మకూడనిది

సిలిండర్‌లో ఒక పెద్ద చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టాలి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అని ఈ పరీక్ష సూత్రం. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందులు మూస్తుందన్నది దీని వెనకున్న ఆలోచన. పెట్రోలు ఇంజన్‌లో ఇది ఒక మోస్తరుగా నిజమే. డీజిల్‌లో ఎందుకు మోసం చేస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది.

మూడు సిలిండర్ల 2.5 లీటర్ల ఇంజన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్ దాదాపు 830 సిసి. కంప్రెషన్ నిష్పత్తి 17.5:1 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని మీద మిగిలే జాగా 50 సిసి మాత్రమే. అందులో 10 సిసి ఆయిల్ పోస్తే జాగా 40కి తగ్గుతుంది. నిష్పత్తి ఒక్కసారిగా 21 దాటిపోతుంది, గేజ్ పాతిక శాతం పైన పెరుగుతుంది. రింగులకు ఆ ఆయిల్ చుక్క కూడా తగలకపోయినా సరే. పైగా నేరుగా ఇంధనం చల్లే ఇంజన్లలో పిస్టన్ తలమీద గిన్నె లాంటి గుంట ఉంటుంది. పోసిన ఆయిల్ చాలావరకు అందులోనే కూర్చుంటుంది. ఆయిల్ ఇంకాస్త ఎక్కువ పడితే పిస్టన్ పైకి రావడానికి జాగా లేక కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. కాబట్టి డీజిల్‌కు ఈ పరీక్ష వద్దని సూటిగానే చెబుతాను.

అదే 520 సిసి సిలిండర్, 5.8:1 నిష్పత్తి ఉన్న పాత పెట్రోలు ఇంజన్‌లో పైన మిగిలే జాగా 108 సిసి. 10 సిసి ఆయిల్ వల్ల వచ్చే దొంగ పెరుగుదల 10 శాతం చుట్టుపక్కలే. కాబట్టి అంకె 60 నుంచి 66కి పెరిగితే దానికి అర్థం లేదు. 60 నుంచి 90కి పెరిగితే రింగులనే నమ్మొచ్చు. సిలిండర్ నిలువుగా ఉండాలి, ఆయిల్ పోశాక ఒకటి రెండు తిప్పులు తిప్పి గోడల చుట్టూ పరుచుకోనివ్వాలి.

గాలి పట్టించే పరీక్ష: ఎక్కడ పోతోందో చెప్పేది

ఒకటే పరీక్ష చేయగలను, ఏది చేయమంటారు అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే. సిలిండర్‌ను పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థితిలో, అంటే సరిగ్గా టాప్ డెడ్ సెంటర్‌లో, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో నిలబెట్టి, నాజిల్ లేదా ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పట్టించాలి. తర్వాత ఆ గాలి ఎక్కడ బయటికొస్తోందో వినాలి. సైలెన్సర్ గొట్టంలో సుయ్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ క్లీనర్ గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గరో డిప్‌స్టిక్ దగ్గరో అయితే రింగులు, బోరు. రేడియేటర్ నీళ్లలో బుడగలు లేస్తే గాస్కెట్ లేదా పగులు. పక్క సిలిండర్ రంధ్రంలోంచి వస్తే రెండింటి మధ్య గాస్కెట్. గేజ్‌లు కూడా అక్కర్లేదు, పాత నాజిల్ బాడీకో పాత ప్లగ్గు బాడీకో గొట్టం అతికించిన అడాప్టర్ చాలు.

రెండు గేజ్‌లున్న లీక్‌డౌన్ టెస్టర్ ఉంటే ఎంత శాతం కారుతోందో కూడా తెలుస్తుంది. 5 నుంచి 7 బార్ల గాలి పెట్టి చూస్తే, 10 శాతం లోపు చాలా బాగున్నట్టు, 20 వరకు పాత ఇంజన్‌కు పర్వాలేదు, 30 దాటితే పని ఉన్నట్టే. అయితే టెస్టర్ లోపలి రంధ్రం సైజును బట్టి ఒక్కో టెస్టర్ ఒక్కోలా చూపిస్తుంది. అందుకే ఇక్కడ కూడా సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడమే మేలు.

వినేటప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. రింగులకు చివర సందు ఉంటుంది కాబట్టి ఆయిల్ మూత దగ్గర కొంత సవ్వడి మంచి ఇంజన్‌లోనూ వినిపిస్తుంది. వాల్వుల దగ్గర మాత్రం ఏ సవ్వడీ ఉండకూడదు. సైలెన్సర్‌లో సన్నగా వినిపించినా అది లోపమే. చాలాకాలం నిలిపి ఉంచిన ఇంజన్ అయితే వెంటనే హెడ్ విప్పకండి. వాల్వ్ కింద కార్బన్ పెచ్చో తుప్పు రవ్వో ఇరుక్కుని ఉండొచ్చు. గాలి తీసేసి, వాల్వ్ కాడ మీద చెక్క సుత్తితో మెల్లగా ఒకటి రెండుసార్లు తట్టి మళ్లీ పరీక్షించండి. సవ్వడి ఆగిపోతే మంచిదే. దెబ్బ తేలికగా పడాలి, కింద పిస్టన్ చాలా దగ్గర్లో ఉంటుంది.

ప్రమాదం ఎక్కడంటే, పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే గాలి దాన్ని కిందికి తోసి ఇంజన్‌ను ఒక్క ఊపున తిప్పేస్తుంది. గేర్ న్యూట్రల్‌లో, పీటీఓ (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) ఆపి, చక్రాలకు అడ్డాలు పెట్టాలి. క్రాంక్ మీద పానా కానీ హ్యాండిల్ కానీ వదలకూడదు, ఫ్యాన్ బెల్టు దగ్గర వేళ్లు ఉండకూడదు. ముందు ఒక బార్ గాలి పెట్టి, పిస్టన్ కదలడం లేదని చూసుకున్నాకే పెంచాలి. కంప్రెషన్ వైపు టాప్ డెడ్ సెంటరేనా అన్నది రాకర్లు చూస్తే తెలుస్తుంది: ఆ సిలిండర్ రాకర్లు రెండూ వేలితో కదిపితే కొద్దిగా ఆడాలి.

గేజ్ ఒకటి చెబితే, గాలి ఇంకోటి చెబితే

పైన గాలి కారకుండానే కంప్రెషన్ తగ్గే సందర్భాలు ఉన్నాయన్నాను. గేజ్ 250 చూపిస్తోంది, గాలి పట్టిస్తే మాత్రం ఎక్కడా కారడం లేదు అనుకోండి. అప్పుడు సిలిండర్‌లోకి గాలి సరిగా రావడం లేదన్నమాట, లేదా పిస్టన్ పూర్తిగా పైకి రావడం లేదు. పుష్ రాడ్ వంగినా, క్యామ్ మొన అరిగిపోయినా ఇన్‌టేక్ వాల్వ్ చాలినంత తెరుచుకోదు. రాకర్ కవర్ తీసినప్పుడు వాల్వులు ఎంతెత్తు లేస్తున్నాయో చూడమన్నది ఇందుకే. ఎప్పుడో నీళ్లు దూరి కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటే, పిస్టన్ కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా ఆగిపోతుంది, రింగులూ వాల్వులూ భేషుగ్గా ఉన్నా అంకె లేవదు.

ఇంకొకటి పాత డీజిల్ హెడ్‌లలో మాత్రమే కనిపిస్తుంది. గ్రైండింగ్ మీద గ్రైండింగ్ చేసిన వాల్వులు హెడ్‌లోకి లోతుగా దిగిపోతాయి. 40 మి.మీ. వాల్వ్ ఒక మిల్లీమీటరు లోతుకు దిగితే సుమారు 1.25 సిసి జాగా పెరుగుతుంది. రెండు వాల్వులకూ కలిపి 2.5 సిసి. 50 సిసి ఉండాల్సిన చోట 52.5 అయితే 17.5 నిష్పత్తి 17 లోపలికి వస్తుంది. వాల్వ్ బిగుతుగా మూసుకున్నా సరే, చలిలో స్టార్టింగ్ కష్టమవుతుంది. అలాంటి హెడ్‌కు మళ్లీ గ్రైండింగ్ చేయిస్తే రోగం పెరుగుతుంది. కొత్త సీట్లు దిగ్గొట్టించి, కొత్త వాల్వులు వేయించాలి.

రిపేరు ఎంపిక

గాలి వాల్వుల గుండా పోతుంటే హెడ్ పని ఒక్కటే చాలు, కింద ముట్టుకోవద్దు. సీట్లు కొంచెమే మచ్చలు పడి ఉంటే పేస్ట్ వేసి రుద్దడం సరిపోతుంది. కాలి గుంటలు పడితే గ్రైండింగ్. వాల్వ్ కాడ ఆడే గైడులు వదులైతే వాటిని మార్చకుండా సీటు మాత్రం చేయించడం వృథా. వాల్వ్ పక్కలకు ఊగుతూ ప్రతిసారీ వేరే చోట కూర్చుంటుంది, కొద్ది రోజులకే మళ్లీ కారుతుంది. పని అయ్యాక హెడ్‌ను తిప్పిపెట్టి, పోర్టులో కిరోసిన్ పోసి, వాల్వ్ అంచున చెమ్మ కనిపిస్తుందో లేదో చూసి తీసుకోండి. హెడ్ విప్పినప్పుడు వంకర లేని ఉక్కు బద్ద అడ్డంగా, పొడుగునా, మూల నుంచి మూలకూ పెట్టి, ఫీలర్ గేజ్‌తో వంపు కూడా కొలవండి. వంగిన హెడ్ కింద ఎంత మంచి గాస్కెట్ వేసినా నిలవదు.

"హెడ్ పని చేయిస్తే కింద రింగులు బయటపడతాయి, రెండూ కలిపి చేయించండి" అని కొందరు మెకానిక్కులు చెబుతారు. ఆ మాటను కొలతలతో చూసి ఒప్పుకోండి, భయంతో కాదు. గాలి పరీక్షలో ఆయిల్ మూత దగ్గర సవ్వడి అన్ని సిలిండర్లకూ సమానంగా, తక్కువగా ఉంటే, ఆయిల్ కూడా పెద్దగా తాగకపోతే, హెడ్ పనితో ఆగిపోవడమే సరైన ఎంపిక.

గాలి రింగుల గుండా పోతోందని తేలినప్పుడు కూడా ఒక మెట్టు మిగిలి ఉంది. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజన్ అయితే రింగులు అరిగి ఉండకపోవచ్చు, గాడుల్లో జిగురు పట్టి బిగుసుకుని ఉండొచ్చు. తుప్పు వదిలించే నూనె కొద్దిగా పోసి రెండు మూడు రోజులు నానబెట్టి, స్టార్ట్ చేసే ముందు నాజిళ్లు తీసి తిప్పి ఆ నూనెంతా బయటికి కొట్టించి, ఆయిల్ మార్చి, ఇంజన్‌ను బాగా వేడెక్కేలా మోస్తరు బరువు మీద కొన్ని గంటలు నడపండి. తర్వాత మళ్లీ కొలవండి. ఖాళీగా నిలబెట్టి నడిపితే ఏ లాభమూ లేదు. రింగులను గోడకు నొక్కేది మంట ఒత్తిడే, అది బరువు ఉన్నప్పుడే వస్తుంది. నిన్నటిదాకా రోజూ పనిచేసిన ఇంజన్‌లో ఈ వైద్యం మీద ఆశ పెట్టుకోకండి.

రింగులు మాత్రమే మార్చాలా, స్లీవులూ (సిలిండర్ గోడలుగా వేసే గొట్టాలు) పిస్టన్లూ కలిపి సెట్టు మార్చాలా? ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, ఎందుకంటే నిర్ణయం బోరు కొలవకుండానే అయిపోతుంది. బోర్ గేజ్ లేకపోయినా ఒక కొత్త రింగు, ఒక ఫీలర్ గేజ్ చాలు. రింగును బోరు అడుగున, అరుగుదల లేని చోట పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి చివరి సందు కొలవండి. తర్వాత పైన, రింగు తగలక అరగకుండా మిగిలిన గట్టుకు కాస్త కింద, అరుగుదల ఎక్కువున్న చోట కొలవండి. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసం ఎంత పెరిగిందో వస్తుంది. అడుగున 0.35, పైన 0.95 వచ్చిందనుకోండి. తేడా 0.60, భాగిస్తే 0.19 మి.మీ. 90 నుంచి 100 మి.మీ. బోరున్న ఇంజన్‌కు అది హద్దు అంచున ఉన్నట్టే. కొత్త రింగు అలాంటి బోరులో ప్రతి తిరుగుడుకూ తెరుచుకుంటూ మూసుకుంటూ గాడిని అరగదీస్తుంది, త్వరగానే పాత కథ మొదలవుతుంది. పెరుగుదల 0.10 లోపు ఉండి, పిస్టన్ గాడుల్లో రింగు వదులుగా ఆడకపోతే రింగుల పనే చేయించండి, గోడలకు హోనింగ్ (సన్నటి గరుకు గీతలు పెట్టడం) తప్పకుండా కావాలి. పైన గట్టు ఉంటే దాన్ని తీయించాలి. తీయకపోతే కొత్త పై రింగు పదునైన అంచు ఆ గట్టును ఢీకొట్టి విరుగుతుంది.

సెట్టు మార్చడమే అని తేలితే, స్లీవు రకాన్ని బట్టి పని బరువు మారుతుంది. నీళ్లు నేరుగా తగిలే వెట్ స్లీవులు, ఉదాహరణకు పాత ఫెర్గూసన్ టీఈ20లో ఉన్నట్టువి, బోరింగ్ అవసరం లేకుండా ఇంజన్ ట్రాక్టర్ మీద ఉండగానే మారతాయి. కానీ స్లీవు అంచు బ్లాక్ మీద ఎంత లేచి ఉందన్నది మాన్యువల్ చెప్పిన హద్దులో ఉండాలి. తక్కువైతే గాస్కెట్ కాలుతుంది, ఒక్కో స్లీవు ఒక్కో ఎత్తులో ఉంటే ఇంకా త్వరగా కాలుతుంది. బ్లాక్‌లోకి బిగుతుగా దిగే డ్రై స్లీవులకు ప్రెస్సు, చాలా ఇంజన్లలో ఆ తర్వాత బోరింగ్, హోనింగ్ కావాలి. అది మెషిన్ షాపు పని, చెక్క దిమ్మ పెట్టి సుత్తితో కొట్టే పని కాదు. స్లీవే లేని బ్లాక్ అయితే 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజుకు బోరు చేయించాలి. ముందు ఆ సైజు పిస్టన్లు చేతికొచ్చాకే బోరు చేయించండి.

ఒక్క సిలిండర్‌లో రింగు విరిగి గోడ గీసుకుపోయి, మిగతావి కొలతల్లో బాగుంటే, ఒక్క సెట్టే మార్చడాన్ని నేను తప్పుపట్టను. పిస్టన్ బరువు మాత్రం పాతవాటితో సరిపోవాలి.

పిస్టన్లు, స్లీవులు, హెడ్ పనితో, అంటే హాఫ్ ఇంజన్‌తో ఆగాలా, క్రాంక్ కూడా కలిపి ఫుల్ ఇంజన్ చేయించాలా అన్నది ఆయిల్ ప్రెషర్ చెబుతుంది. ఇంజన్ విప్పకముందే, బాగా వేడెక్కాక, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ప్రెషర్ రాసి పెట్టుకోండి. అది మాన్యువల్ హద్దుకు దిగువన ఉంటే, కొత్త స్లీవులతో పెరిగే ఒత్తిడిని అరిగిన బేరింగుల మీద వేయడం సబబు కాదు. బాగుంటే క్రాంక్ జర్నళ్లు మైక్రోమీటర్‌తో ఒకసారి కొలిపించి, కోడి గుడ్డు ఆకారంలోకి అరగలేదని తేలితే అలాగే వదిలేయండి.

ఏ రిపేరూ చేయించకపోవడం కూడా ఒక ఎంపికే. సిలిండర్లన్నీ సమానంగా కొంచెం తగ్గి, చలికాలం తప్ప ఇబ్బంది లేకుండా స్టార్ట్ అవుతూ, తేలిక పనులకే వాడే ట్రాక్టర్ అయితే, మంచి బ్యాటరీ, సరైన టాపెట్లు, శుభ్రం చేయించిన నాజిళ్లతో ఇంకొంతకాలం నడుస్తుంది. అంకెలు తేదీతో సహా రాసి పెట్టుకుని ఏడాదికోసారి పోల్చండి. స్టార్టింగ్ కోసం ఈథర్ స్ప్రే అలవాటు చేయడం మాత్రం వద్దు. అది టైమ్ కాని టైమ్‌లో అంటుకుని రింగులనూ పిస్టన్ అంచులనూ విరగ్గొడుతుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో అయితే నేరుగా ప్రమాదమే.

సెట్టు మార్చేటప్పుడు పాత రింగులను పారేయకుండా వరుసగా పెట్టి చూడండి. పై రింగు విపరీతంగా అరిగి, కింది రింగులు అంతగా అరగకపోతే, దుమ్ము గాలితో పాటు పై నుంచి వచ్చిందని అర్థం. అప్పుడు కొత్త స్లీవులు వేసే ముందే ఎయిర్ క్లీనర్ నుంచి మానిఫోల్డ్ వరకు ప్రతి గొట్టాన్నీ, క్లిప్పునూ, ఆయిల్ బాత్ గిన్నె గాస్కెట్‌నూ విప్పి చూడాలి. క్లీనర్ దాటాక ఉన్న గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే ఆ గొట్టం మార్చి, బిగించి, ఇంజన్ కొన్ని గంటలు నడిచాక మళ్లీ తుడిచి చూడండి.